శాంతం అనుకున్న గీత

మణికట్టుకు ఆ పట్టీ కట్టుకున్న మొదటి రోజే నా గొంతు పట్టేసింది. ఆ పట్టేయడం నాది కాదు. ఎదురుగా కూర్చున్న మనిషిది.

అతను పెళ్ళాం మీద అరుస్తున్నాడు. "పొద్దున పోయినదానివి సాయంత్రం దాకా ఒక్క ఫోను చెయ్యలేవా? ఇంట్లో నేనొకణ్ణి ఉన్నానా, లేనా?" ఆవిడ మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది. నిజం మొగుడూ పెళ్ళాలే వాళ్ళు. నేర్చుకునేవాళ్ళ ముందు కూర్చోవడానికి ఒప్పుకుని వచ్చారు. నా వెనక కుర్చీల్లో తతిమ్మా శిష్యులంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"నాయుడు గారూ, ఏం తెలుస్తోంది?" అని అడిగింది మృణాళిని మేడం. మాకు నేర్పేది ఆవిడే.

"కోపంగా ఉన్నాడు."

"అది చెవికి. ఒంటికి ఏం తెలుస్తోంది?"

ఒంటికి కోపం తెలియడం లేదు. అరచేతులు చల్లబడ్డాయి. కడుపులో ఏదో జారిపోతోంది. జాతరలో తల్లి చెయ్యి జారిపోయిన పిల్లాడికి ఎలా ఉంటుందో అలా ఉంది నాకు.

"భయం," అన్నాను. "ఆవిడ తిరిగి రాదేమోనని భయం."

అరుస్తున్నవాడు తెరిచిన నోరు తెరిచినట్టే ఆగిపోయాడు. నా వైపు చూసి ఏదో చెప్పబోయాడు.

"ఆయనకు కాదు," అంది మేడం. "ఆవిడ వైపు తిరిగి, ఆవిడకు చెప్పండి."

తిరిగాడు. "నువ్వు ఆలస్యమైతే నాకు భయమేస్తుంది," అన్నాడు. అంతే. ఆవిడ కిటికీ వదిలేసి అతని మొహం చూసింది, ఇంటికి కొత్తగా వచ్చిన మనిషిని చూసినట్టు.

వెనక కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ లేచి నిలబడ్డారు. ఎం.ఏ. చదివిన ఒక అమ్మాయి నా భుజం పట్టుకుని ఊపేసింది. యాభై దాటినవాణ్ణి, నాకే గంతెయ్యాలనిపించింది. ఇరవై ఏళ్ళుగా నేను తీర్చిన తగువుల్లో ఒక్కదాంట్లోనూ ఇది చూడలేదు.

మాది గజపతినగరం దగ్గర ఊరు. చదువు ఊళ్ళో బడిలో పదో తరగతి దాకా. మొగుడూ పెళ్ళాల మధ్య గొడవొస్తే పెద్దమనుషులు కూర్చోవడం మా వైపు ఆనవాయితీ. నేనూ కూర్చునేవాణ్ణి. ఇద్దరి మాటా విని, తప్పెవరిదో చెప్పి, ఇంక పొండని పంపేసేవాణ్ణి. విశాఖలో ఈ శిక్షణ కేంద్రం పెట్టినప్పుడు అలాంటి పెద్దమనుషుల్ని కొందర్ని చేర్చుకుంటామన్నారు. నా పెళ్ళాం పైడమ్మ పోయాక నాకు ఇంట్లో చేసేదేమీ లేదు. వచ్చాను.

మేడం మొట్టమొదట నా చేత మాన్పించింది తీర్పు. "తప్పెవరిదో మనకు అక్కర్లేదు. తగువు ఎలా తిరుగుతోందో చూడండి," అనేది. "ఒకరు వెంటపడతారు. ఇంకొకరు తప్పుకుంటారు. తప్పుకున్నకొద్దీ వెంటపడతారు, వెంటపడినకొద్దీ తప్పుకుంటారు. లోపల ఇద్దరూ అడుగుతున్నది ఒకటే మాట, నేను నీకు కావాలా అని. పైకి మాత్రం కూరలో ఉప్పు గురించి అరుచుకుంటారు." ఆ లోపలి మాట పట్టుకోవడం ఏళ్ళ తరబడి సాధన చేస్తే గాని రాదట. పట్టీ ఉంటే మొదటి రోజే వస్తోంది. అదీ మా అందరి సంబరం.

పట్టీ చేసినవాడు ఇక్బాల్. ఆసుపత్రి యంత్రాల ఇంజనీరు. నలభై దాటాయి గాని నోరు ఊరుకోదు. చేతిగడియారం అంత ఉంటుంది పట్టీ. మొగుడికొకటి, పెళ్ళానికొకటి, మాకొకటి. నాడి, చెమట, కండరాల బిగువు, ఇంకా నాకు అర్థం కానివి ఏవేవో పట్టుకుని వాళ్ళ లోపల ఉన్నదాన్ని మా ఒంటికి చేరవేస్తుంది. అందులో తిరుగుదారి కూడా ఉంది. బెదిరిన ఎద్దు వీపు మీద అరచెయ్యి వేస్తే కుదుటపడుతుంది. అలా మా కుదురు కొంత వాళ్ళకు వెళ్తుంది. అది లేకపోతే లోపలిది పైకి రాగానే జనం తట్టుకోలేక లేచి వెళ్ళిపోతున్నారట.

అందుకని రోజూ పని మొదలుపెట్టే ముందు ఒక్కొక్కర్నీ చిన్న గదిలో ఊరికే కూర్చోబెట్టేవాడు ఇక్బాల్. తెర మీద మా గీత నడుస్తుంది. ఎగిరేదీ పడేదీ అంతా యంత్రం తీసేస్తుంది. కదలకుండా మిగిలినదాన్ని శాంతం కింద జమకట్టి, దాన్నే తిరుగుదారిలో పంపుతుంది.

తతిమ్మావాళ్ళ గీతలు గాలికి ఊగే దండెం లాగా ఉండేవి. నాది తాడు లాగి కట్టినట్టు ఉండేది.

"ఏం మనిషివి బాబాయ్, సన్యాసుల్లో కలుస్తావా ఏమిటి?" అనేవాడు.

"పెళ్ళాం పోయినోడికి శాంతానికేటి కొదవ," అనేవాణ్ణి.

అతను నవ్వేవాడు. నేను నవ్వేవాణ్ణి కాదు.

నీలవేణి, మురహరి మా దగ్గరికి వచ్చింది విడిపోయే ముందు ఆఖరి ప్రయత్నంగా. ఆమెది పాల డెయిరీలో పాలు పరీక్ష చేసే ఉద్యోగం. ఒంగోలు శాఖకు మేనేజరుగా వెయ్యడానికి డెయిరీవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. అతనికి భిలాయికి బదిలీ అయింది. తలో దారి పట్టడానికి ఆమె దాదాపు తేల్చుకునే వచ్చింది.

కారణం ఒకటే. ఆమె తల్లి ఆసుపత్రిలో ప్రాణం వదులుతున్న రోజు మురహరికి ఫోను మీద ఫోను చేసింది. అతను స్నేహితుడి గృహప్రవేశంలో ఉన్నాడు. ఎత్తలేదు. అంతా అయ్యాక వచ్చి, ఇంత అవుతుందని నాకేం తెలుసు అన్నాడు. శ్మశానంలో అందరితో పాటు నిలబడ్డాడు. మర్నాడు ఆఫీసుకు వెళ్ళిపోయాడు. మా ఊళ్ళో అయితే వాణ్ణి నేను ఒక్క మాటతో తేల్చేద్దును. ఇక్కడ తీర్పు లేదు.

"అమ్మ కాళ్ళు చల్లబడిపోతుంటే ఒక చేత్తో రుద్దుతూ ఇంకో చేత్తో నీకు ఫోను చేశాను," అంది నీలవేణి.

"ఎన్నిసార్లు చెప్పాలి సారీ," అన్నాడు మురహరి. "రోజుకోసారి ఆ మాట తియ్యకపోతే నీకు తిన్నది అరగదు."

ఆమె పట్టీ నుంచి నాకు చలి వచ్చింది. పళ్ళు కొట్టుకునేంత చలి. అతని నుంచి ఏమీ రాలేదు. మూసేసిన కొట్టు షట్టరు ముందు నిలబడ్డట్టు ఉంది. సరే, తప్పుకునే రకం, లోపలెక్కడో ఉంటుందిలే అనుకున్నాను. మేడం నేర్పింది అదే.

"మురహరి గారూ, మాటలొద్దు. ఆవిణ్ణి చూడండి చాలు. అమ్మా, నువ్వూ చూడు. తొందరేం లేదు," అన్నాను.

చూసుకున్నారు. నేను కదలకుండా కూర్చున్నాను.

నీలవేణి కళ్ళలో ఏదో మారింది. మెల్లగా చెయ్యి చాపింది. అతని చెయ్యి పట్టుకోలేదు. చొక్కా చేతి అంచు పట్టుకుంది. ఆ గుడ్డను వేళ్ళ మధ్య నలుపుతూ ఏడవడం మొదలుపెట్టింది. మురహరి మొహం ముందు బిగుసుకుంది. తరవాత ఒక్కసారిగా విరిగిపోయింది. "నాకేమవుతోంది," అన్నాడు, "నాకేమవుతోందో తెలియడం లేదు." అతను కూడా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె చొక్కా వదల్లేదు.

మేడం కళ్ళద్దాలు తీసి పైట చెంగుతో తుడుచుకుంది. వాళ్ళిద్దర్నీ పంపించి వచ్చి, "పదిహేనేళ్ళుగా నేర్పుతున్నాను నాయుడు గారూ. ఇంత లోతు నేనెప్పుడూ తాకలేదు. ఏం చేశారు మీరు?" అంది.

"ఊరికే కూర్చున్నానండీ."

అందరూ నవ్వారు. నేను నిజమే చెప్పాను.

ఇక అక్కణ్ణుంచి ఆగింది లేదు. ఏ జంటను కూర్చోబెట్టినా అదే వరస. లాయర్లను వెంటబెట్టుకు వచ్చినవాళ్ళు లాయర్లను బయట వదిలేసి చేతులు పట్టుకుని మెట్లు దిగేవాళ్ళు. మొండి కేసొస్తే నాయుడికి ఇవ్వండి అనే మాట పడిపోయింది. డిగ్రీల పిల్లలు నా పక్కన కూర్చుని నేను ఎలా ఊపిరి తీస్తున్నానో చూసి నేర్చుకోవాలని చూసేవాళ్ళు. ఒకడైతే నాలాగా కాలు మీద కాలు వేసుకోవడం కూడా నేర్చాడు.

నాకూ ఏదో జరిగింది. పైడమ్మ పోయి ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళలో అన్నం రుచి తెలిసింది అప్పుడే. ఒక్కో జంట లేచి వెళ్ళాక ఒళ్ళు తేలికైపోయేది, నెత్తి మీద గడ్డిమోపు ఎవరో దింపినట్టు. మెస్సు ఆవిడ, "ఇంకో అట్టు వెయ్యమంటారా?" అని అడిగితే వెయ్యమనేవాణ్ణి. ఆదివారాలు మాత్రం గడిచేవి కావు. సోమవారం పట్టీ కట్టుకుంటే గాని ప్రాణం కుదుటపడేది కాదు.

శిక్షణ ముగింపు సభ పెట్టారు. ఢిల్లీ నుంచి పెద్దలు వస్తున్నారు. నచ్చితే పట్టీలు అన్ని జిల్లాలకూ వెళ్తాయి. ఆ రోజు అందరి ముందూ ఒక జంటను కూర్చోబెట్టి చూపించాలి. జంట నీలవేణి, మురహరి. చూపించేది నేను. మొదటి పట్టా నాకే అని మేడం ముందే చెప్పేసింది.

సభకు ముందు రోజు నీలవేణి ఒక్కతే వచ్చింది. కేంద్రం ఎదురుగా టీ బడ్డీ ఉంది. అక్కడ బల్ల మీద కూర్చున్నాం.

"నాయుడు గారూ, దాచకుండా చెప్పండి. నాలో ఏదైనా లోపం ఉందా?"

"ఎందుకొచ్చిందమ్మా ఆ అనుమానం?"

"ఆ రోజు వచ్చింది ఇంటికెళ్ళాక రావడం లేదండీ. ఆయన మామూలే. టీవీ, ఫోను, పడక. నేనే ఆయన ఎదురుగా కూర్చుని, అది మళ్ళీ వస్తుందేమోనని చూస్తుంటాను. రాదు. అంత ప్రేమ నాలో ఉందని కళ్ళారా చూశాక ఎలా వదిలేస్తాను? ఇన్నాళ్ళూ ఆయన్ని తప్పుపట్టాను గాని, మూసుకుపోయింది నేనే. ఒంగోలు వద్దనేశాను. రేపు మీ సభ అవగానే వెళ్ళి రాజీనామా ఇచ్చేస్తాను. భిలాయి వెళ్ళిపోతాం. ఇరవై నాలుగ్గంటలూ పక్కనే ఉంటే వస్తుందేమో."

"మురహరి ఏమన్నాడు?"

"మంచిదే, వంటకి ఇబ్బంది ఉండదన్నాడు." కొంచెం నవ్వింది. "ఆయనకి అలా చెప్పడమే వచ్చు."

అడిగాను. "ఆ రోజు నీకు సరిగ్గా ఏమనిపించిందమ్మా?"

"చెబితే పిచ్చిగా ఉంటుందండీ. ఆయన ఎదురుగానే ఉన్నారు కదా. చచ్చిపోయినట్టు అనిపించింది. ఇంక జన్మలో కనపడరని. ఆ చొక్కా ఒక్కటే నాకు మిగిలిందని. అందుకే పట్టుకున్నాను. ఇంటికెళ్ళాక నీళ్ళిమ్మని పిలిస్తే ఉలిక్కిపడ్డాను, ఈయన బతికే ఉన్నారా అని."

టీ నా వేళ్ళ మీద ఒలికింది. కాలినట్టు కూడా తెలియలేదు.

మా ఇంట్లో పెట్టెలో పైడమ్మ నేత చీర ఒకటి ఉంది. దాని అంచు వేళ్ళ మధ్య నలుపుతూ నేను కూర్చోవడం లోకంలో ఎవరూ చూడలేదు.

మర్నాడు సభ వేళకు ముందే ఇక్బాల్ గదికి వెళ్ళాను. అతను తీగలు చుట్టుకుంటున్నాడు.

"జంట పట్టీ ఒకటి నువ్వు కట్టుకో," అన్నాను. "నాది నేను కట్టుకుంటాను. యంత్రం వెయ్యి."

"బాబాయ్, అవతల ఢిల్లీ వాళ్ళు టిఫిన్లు చేసేస్తున్నారు. ఇప్పుడా పరీక్షలు?"

"కట్టుకో."

"పొద్దున్నే మా రజియా తిట్టింది, కుక్కరు రబ్బరు తేలేదని. ఇప్పుడు నువ్వు. నా బతుకే ఇంత. ఒక రబ్బరు కోసం మనిషిని అన్ని మాటలు అంటారా, పెళ్ళైన కొత్తలో అయితే..." గొణుగుతూనే పట్టీ బిగించుకున్నాడు, మీట నొక్కాడు.

నేను కుర్చీలో ఊరికే కూర్చున్నాను.

"...పెళ్ళైన కొత్తలో అయితే," అన్నాడు మళ్ళీ, అని ఆగిపోయాడు. గోడ వైపు చూశాడు. తరవాత జేబులోంచి ఫోను తీశాడు.

"రజియా. తిన్నావా? ఏం లేదు. ఏం లేదంటున్నా కదా, నీ గొంతు వినాలనిపించింది. తాగలేదే తల్లీ, పొద్దున్నే ఎవరైనా తాగుతారా. నువ్వు బాగానే ఉన్నావు కదా? ఊపిరి బాగానే ఆడుతోందా? ఆయాసం అదీ ఏం లేదు కదా?"

అవతల ఆవిడ ఏమందో నాకు వినపడలేదు. ఇక్బాల్ చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకుంటూ తెర వైపు చూశాడు. నా గీత తాడు లాగినట్టే ఉంది. నన్ను చూశాడు. కాలినట్టు పట్టీ పీకి బల్ల మీద పడేశాడు.

"బాబాయ్, ఇది శాంతం కాదు."

"కాదు."

"మరి నీ గీత కదల్లేదే. వచ్చిన దగ్గర్నుంచి ఒక్కనాడు కదల్లేదు."

"ఎందుకు కదుల్తాది? పైడమ్మ వచ్చిన్నాడు కదుల్తాది."

అతను కుర్చీలో కూలబడ్డాడు. "కదలనిదంతా శాంతమేనని యంత్రానికి చెప్పింది నేనే. దిగులు ఇంత నిలకడగా ఉంటుందని నాకెవరు చెప్పారు బాబాయ్?"

నా ఒళ్ళంతా ఝల్లుమంటోంది. కోపమో సంబరమో నాకే తెలియలేదు. నా పైడమ్మను నాకు చెప్పకుండా ఊరందరికీ పంచిపెట్టారు. అదీ నిజమే. ఈ ఆరేళ్ళలో దాని కోసం నాతో పాటు ఏడ్చినవాళ్ళు వీళ్ళే. అదీ నిజమే. నేను తేలికైపోయింది ఎందుకో ఇప్పుడు తెలిసింది. మోపు దించుకోలేదు నేను. ఒక్కో గుప్పెడు తీసి ఒక్కొక్కరి నెత్తిన పెట్టాను.

మేడం వరండాలో ఉంది. బంతిపూల దండలు కట్టిస్తోంది. పక్కకు పిలిచి చెప్పాను. ఆవిడ చాలా తెలివైన మనిషి. రెండో మాట అక్కర్లేకపోయింది. మొహం పాలిపోయింది. అంతలోనే కళ్ళు మెరిశాయి.

"అంటే పోయినవాళ్ళ కోసం పడే బాధ, బతికున్నవాళ్ళ మీద పడింది," అంది. "నాయుడు గారూ, ఇది ఎంత పెద్ద సంగతో మీకు తెలుస్తోందా? లోకమంతా మనిషి పోయాక ఏడుస్తుంది. వీళ్ళు ముందే ఏడ్చారు. మనిషి ఎదురుగా ఉండగా ఏడ్చారు. ఎవరి దిగులైతే ఏం? కలిశారు కదా."

"కొందరికి మంచిదే అయ్యుండొచ్చు. వాళ్ళకు లోపల వాళ్ళదీ కొంత ఉంది. నాది దానికి ఎరువైంది. నీలవేణికి వచ్చింది మొత్తం నాది. వాడి షట్టరు వెనక ఏమీ లేదు."

"అది తీర్పు."

"అవును మేడం. తీర్పే."

ఆవిడ గొంతు తగ్గించింది. "ఇవాళ ఒక్కరోజు ఆగండి. పెద్దలు వెళ్ళాక నేనే ఆ అమ్మాయికి చెబుతాను."

"అప్పటికి ఆ అమ్మాయికి ఉద్యోగం ఉండదు. మొగుడి దగ్గర లేనిదాన్ని తనలో వెతుక్కుంటూ, లోపం నాదే అనుకుంటూ భిలాయిలో వంట చేస్తుంటుంది."

"చెబితే ఈ పట్టీలు ఇవాళే మూలపడతాయి. మీరెంత తేలికపడ్డారో నేను చూడలేదనుకుంటున్నారా? ఆ మెస్సులో మీరు తింటుంటే నేను చూస్తూనే ఉన్నాను. రేపట్నుంచి అదంతా మళ్ళీ మీ ఒక్కరి మీదే పడుతుంది. అప్పుడేం చేస్తారు?"

ఆవిడ నన్ను చదివింది. పట్టీ లేకుండానే చదివింది. నిజంగా నేర్చుకున్నవాళ్ళు అంత పని చెయ్యగలరు.

సభ నిండిపోయింది. గోడల వెంట కూడా జనం. ముందు వరసలో ఢిల్లీ వాళ్ళు, ఒళ్ళో శాలువాలు. మధ్యలో మూడు కుర్చీలు. నీలవేణి మంచి చీర కట్టుకుని వచ్చింది. మురహరి క్షౌరం చేయించుకున్నాడు. ఇక్బాల్ ఇద్దరికీ పట్టీలు కట్టి నా దగ్గరికి వచ్చాడు. మూడో పట్టీ నా ముందుకు చాపాడు.

నా గుండె దడదడలాడుతోంది. ఇవాళ నా గీత కూడా దండెంలా ఊగడం చూస్తే ఇక్బాల్ సంబరపడును. అతని చేతిలోంచి పట్టీ తీసుకుని జేబులో వేసుకున్నాను.

"ఇది లేకుండా చేద్దాం," అన్నాను పైకి.

సభలో గుసగుసలు. మేడం గోడకు ఆనుకుని చేతులు కట్టుకుంది. ఆపలేదు.

"చూసుకోండి," అన్నాను ఇద్దరితో.

నీలవేణి చూసింది. ఎదురుచూసింది. ఆమె కళ్ళు అతని మొహం అంతా వెతికాయి. చెయ్యి అతని చొక్కా దాకా వెళ్ళి ఆగిపోయింది. మురహరి ఒకసారి ఆమెను చూసి, ముందు వరసలో ఉన్న శాలువాల వైపు చూశాడు.

"రావడం లేదండీ," అంది నీలవేణి. "ఇవాళ కూడా పాడుచేస్తున్నాను."

"నువ్వేం పాడుచెయ్యలేదమ్మా. ఆ రోజు నీకు వచ్చింది నీది కాదు. ఆయనదీ కాదు. నాది. నా పెళ్ళాం పైడమ్మ పోయింది. దాని మీద నాకున్నది ఈ పట్టీలోంచి నీకు చేరింది. యంత్రం దాన్ని శాంతం అనుకుని పంపింది. నాకు తెలిసింది ఇవాళ పొద్దున్నే."

ఎవరి చేతిలోంచో గ్లాసు కింద పడింది.

నీలవేణి కుర్చీలో ముందుకు జరిగింది. "ఆ ప్రేమంతా..."

"అంతా."

"మరి నాది?"

"అది నాకు తెలీదు. నా పట్టీ జేబులోనే ఉంది. నీ ఒంటికి ఏం తెలుస్తోందో నువ్వే చూసుకో. తొందర లేదు."

కళ్ళు మూసుకుంది. సభంతా ఆమెతో పాటు ఊపిరి ఆపింది. నేను ఏ పరీక్షకూ ఇంత కంగారు పడలేదు. ఆమె భుజాలు ముందు బిగుసుకున్నాయి, తరవాత కిందికి దిగాయి.

"తేలిగ్గా ఉందండీ," అంది కళ్ళు తెరిచి. ఆశ్చర్యంగా అంది. "లోపం నాది కాదంటే, తేలిగ్గా ఉంది."

అప్పుడు నేను చెప్పకుండానే అతని వైపు తిరిగింది.

"అమ్మ పోయిన రోజు నువ్వు లేవు. ఆ తరవాత కూడా లేవు. ఇన్నాళ్ళూ ఇంకొకరి ప్రేమ చూసి, అది మనదే అనుకున్నాను. అది ఎలా ఉంటుందో ఇప్పుడు నాకు తెలిసింది. తెలిశాక ఇంతకంటే తక్కువతో ఉండలేను. నేను ఒంగోలు వెళ్తున్నాను."

మురహరి, "ఇంతమందిలోనా?" అన్నాడు.

ఆమె పట్టీ విప్పి కుర్చీలో పెట్టింది. సంచీ భుజాన వేసుకుని నా ముందుకు వచ్చి ఆగింది.

"ఆవిడ పేరేమన్నారు?"

"పైడమ్మ."

"పైడమ్మ గారి కోసం ఏడ్చాను నేను. తెలీకుండా ఏడ్చాను. అందుకు మాత్రం బాధ లేదు," అంది. జనం దారి ఇచ్చారు. చివరి వరసలో ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. తలుపు దాటి వెళ్ళింది. నడక కాదది, పరుగుకు కొంచెం తక్కువ.

సభ ఒక్కసారిగా లేచింది. ఢిల్లీ వాళ్ళు మేడం చుట్టూ మూగారు. ఇక్బాల్ మళ్ళీ ఫోనులో ఉన్నాడు. డిగ్రీల పిల్లలు ఒకళ్ళ మాట ఒకళ్ళు విననంతగా మాట్లాడుకుంటున్నారు. ఆ గోలలో మురహరి ఒక్కడూ కుర్చీలోంచి కదల్లేదు.

"సార్," అన్నాడు. "నాకొచ్చింది కూడా మీదేనా?"

"నీకొచ్చింది కూడా నాదే."

చెయ్యి చాపాడు. మణికట్టు మీద పట్టీ ఇంకా ఉంది. "ఇంకొక్కసారి పెట్టండి. నాకెప్పుడూ అలాంటిది రాలేదు. చిన్నప్పట్నుంచీ రాలేదు. నాకది కావాలి."

నా చెయ్యి జేబులోకి వెళ్ళింది. పట్టీ చేతికి తగిలింది. కట్టుకోవడం ఎంతసేపు. అతనికీ కావలసింది దొరుకుతుంది, నాకూ ఒళ్ళు తేలికవుతుంది. ఇద్దరం కాసేపు సుఖంగా ఏడవచ్చు. కళ్ళ ముందు సాయంత్రం కనపడింది, మెస్సులో రుచి లేని అన్నం కనపడింది. చెయ్యి ఖాళీగానే బయటకు తీశాను.

"అది అరువుకి దొరకదు," అన్నాను. "ఒక మనిషి ఇంక లేదని తెలిస్తే వస్తుంది."

అతను తలుపు వైపు చూశాడు. చూస్తూనే ఉండిపోయాడు.

నేను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"ఇప్పుడే వెళ్ళింది," అన్నాను. "కదలకు. నీది నీకే వస్తుంది."